దబ్బ తొక్క నుంచి మెజ్కాల్ పొగ దాకా: మంచి జిన్‌లు, ప్రపంచపు స్పిరిట్లు తెలుసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి

మన గోదావరి జిల్లాల్లో మందు అంటే బ్రాందీ, కాకపోతే విస్కీ, ఎండలు ముదిరితే బీరు. వైన్ షాపు ముందు నిలబడి చూస్తే అరల నిండా అవే కనిపిస్తాయి, జిన్ అడిగితే పై అరలో మూలనున్న ఒకటో రెండో సీసాలు దించి తుడిచి ఇస్తారు. "జిన్‌లో ఏముంది బావా, సెంటు వాసన తప్ప" అని ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేసినవాళ్లు మీ స్నేహితుల్లో కూడా ఉండే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది ఆ వాసన గురించే. జిన్ అంటేనే వాసన. దాన్ని విడదీసి గుర్తుపట్టడం వస్తే జిన్ ఒక్కటే కాదు, రమ్ము, శ్రీలంక అరాక్, గోవా ఫెని, మెక్సికో మెజ్కాల్ లాంటి బట్టీలో కాచి తీసే మందులు, అంటే స్పిరిట్లు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి అర్థమవుతాయి.

దీనికి నేను నమ్మే దారి ఒకటుంది. సీసా మీద దేశం పేరు, ధర, డిజైను చూసి వెళ్లకండి, అది దేనితో తయారైందో పట్టుకుని వెళ్లండి. చెరకు, కొబ్బరి, వరి, జీడిమామిడి, ధనియాలు, దబ్బకాయ, ఇవన్నీ మన డెల్టాలో పుట్టిపెరిగినవాళ్లకి చిన్నప్పటి నుంచి తెలిసిన వాసనలు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పెరిగినవాడు కొత్తగా నేర్చుకోవాల్సినవి మనకి సగం ముందే వచ్చు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది 21 ఏళ్లు నిండి, ఇప్పటికే అలవాటు ఉన్నవాళ్ల కోసం. అలవాటు లేనివాళ్లని మొదలుపెట్టమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ చెప్పే పద్ధతిలో తాగేది తక్కువ, వాసన చూసేది ఎక్కువ.

మొదటి మెట్టు: సీసా కొనకముందు ముక్కుకి పని చెప్పండి

ఒక ఆదివారం పొద్దున్న, కాఫీ తాగకముందే అయితే ఇంకా మంచిది, అరడజను చిన్న స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నలగ్గొట్టిన ధనియాలు, ఒకదాంట్లో యాలకులు, ఒకదాంట్లో దాల్చినచెక్క, ఒకదాంట్లో అతిమధురం, ఒకదాంట్లో అల్లం ముక్క, ఒకదాంట్లో దబ్బకాయ తొక్క. తొక్క తీసేటప్పుడు లోపలి తెల్ల భాగం రాకుండా పైపైన పల్చగా చెక్కండి, ఆ తెలుపు చేదు. అన్నిట్లో వేడినీళ్లు పోసి మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగి, ఒక్కొక్కటే మూత తీసి వాసన చూడండి. తర్వాత కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా గ్లాసులు మార్చమని అడిగి, ఏది ఏదో చెప్పడానికి ప్రయత్నించండి. తేలిక అనుకుంటారు గానీ ధనియాలకీ దబ్బకీ తేడా దగ్గర చాలామంది తడబడతారు. దానికి కారణం ఉంది. ధనియాల్లో లినలూల్ అనే సుగంధ పదార్థం ఎక్కువ, అది నిమ్మజాతి పండ్లని తలపిస్తుంది. జిన్ తయారీలో జునిపర్ అనే కాయ తర్వాత ఎక్కువగా వాడేది ధనియాలే. మనం రసంలో వేసుకునే దినుసు లండన్ జిన్‌లో నిమ్మవాసన ఇస్తుందన్న సంగతి నోటితో కాదు, ముక్కుతో తెలుసుకోవాలి.

ఇక జునిపర్. ఇది లేకపోతే జిన్ లేదు. చల్లని కొండ ప్రాంతాల్లో పెరిగే ఒక పొదకి కాసే చిన్న నీలిరంగు కాయ, మన హిమాలయాల్లోనూ దొరుకుతుంది, ఆయుర్వేదం దుకాణాల్లో హపుష అని అడగండి, లేదా ఆన్‌లైన్‌లో ఎండు కాయలు తెప్పించుకోండి. రెండు కాయలు వేళ్ల మధ్య నలిపితే దేవదారు చెక్క కోసినట్టు, కొంచెం మిరియాల ఘాటుతో వాసన వస్తుంది. పెయింటర్లు వాడే టర్పెంటైన్‌లో ప్రధానంగా ఉండే పైనీన్ అనే పదార్థమే ఇందులోనూ ఉంటుంది, జిన్‌ని "సెంటు" అనేవాళ్ల ముక్కుకి తగిలేది ఎక్కువగా ఇదే. ఈ ఒక్క వాసన గుర్తుండిపోయేదాకా సీసా జోలికి వెళ్లొద్దని నా సలహా.

రెండో మెట్టు: జిన్ ఎలా తయారవుతుందో తెలుసుకుని లేబుల్ చదవండి

ధాన్యంతోనో, చక్కెర తీశాక మిగిలే చెరకు మడ్డి మొలాసిస్‌తోనో తీసిన, ఏ రుచీ లేని 96 శాతం ఆల్కహాలుతో మొదలవుతుంది. దాన్ని నీళ్లతో పలచన చేసి, జునిపర్, ధనియాలు, వేర్లు, తొక్కలు అందులో నానబెట్టి, రాగి బట్టీలో మళ్లీ కాస్తారు. ఇంకొందరు దినుసుల్ని ద్రవంలో వేయకుండా పైన బుట్టలో పెట్టి, ఆవిరి వాటిలోంచి వెళ్లేలా చేస్తారు, బాంబే సఫైర్ అలా చేసేదే. బట్టీ లోంచి ముందు నిమ్మజాతి వాసనలు వస్తాయి, మధ్యలో జునిపర్, ధనియాలు, చివర్లో వేర్లు, మసాలా. మొదట వచ్చే ఘాటునీ చివర వచ్చే మడ్డివాసననీ పక్కనపెట్టి మధ్య భాగం మాత్రమే తీసుకోవడంలో తయారుచేసేవాడి పనితనం తెలుస్తుంది. రాగి ఎందుకంటే, గంధకం వాసనల్ని అది పట్టి ఉంచుతుంది.

లేబుల్ మీద "లండన్ డ్రై" అని ఉంటే అది లండన్‌లో తయారైందని అర్థం కాదు. ఆ రుచి మొత్తం బట్టీలోంచే రావాలి, తర్వాత నీళ్లు, ఆల్కహాలు తప్ప ఇంకేమీ కలపకూడదు, చక్కెర లీటరుకి 0.1 గ్రాము మించకూడదు అన్న నియమానికి ఆ పేరు. గోవాలో చేసినా లండన్ డ్రైయే. హెండ్రిక్స్ బట్టీ దాటాక దోసకాయ, గులాబీ సారం కలుపుతుంది కాబట్టి లండన్ డ్రై కాదు, అంతమాత్రాన తక్కువదీ కాదు. ఉత్త "జిన్" అని మాత్రమే ఉండి, చాలా చవగ్గా ఉంటే ఆల్కహాల్లో ఎసెన్సు కలిపింది అయ్యుండొచ్చు. వాసన చూస్తే తెలిసిపోతుంది, మొదటి క్షణం గుప్పుమని, నిమిషం తర్వాత ఏమీ మిగలదు.

ఆల్కహాలు శాతం కూడా చూడండి. యూరప్‌లో జిన్‌కి 37.5 శాతం కనీసం, మన దేశంలో సీసాలు చాలావరకు 42.8. వాసన ఇచ్చే నూనెల్ని పట్టి ఉంచేది ఆల్కహాలే కాబట్టి 37.5 దగ్గరున్న జిన్ టానిక్ పోయగానే చప్పబడిపోతుంది.

"క్రాఫ్ట్" అన్న మాటకి మన దగ్గర చట్టంలో కొలత ఏమీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. లేబుల్ మీద ఎక్కడ కాచారు, ఎవరు కాచారు, బ్యాచ్ నంబరు ఉందా, ఏ దినుసులు వేశారు అన్నవి రాసుంటే నమ్మకం కుదురుతుంది. ఆల్కహాలు బయట కొన్నారని మాత్రం ఎవరినీ తప్పుపట్టకండి, ప్రపంచంలో పేరున్న జిన్ తయారీదారుల్లో చాలామంది కొనేవాళ్లే, రుచి పుట్టేది రెండోసారి కాచినప్పుడు.

ఈ చిన్న తయారీల ఊపు కూడా పాతదేమీ కాదు. బ్రిటన్‌లో చాలా ఏళ్లపాటు చిన్న బట్టీలకి లైసెన్సు దొరికేది కాదు, 2009లో లండన్‌లో సిప్‌స్మిత్ చిన్న రాగి బట్టీకి అనుమతి తెచ్చుకున్నాక దారి తెరుచుకుంది. మన దేశంలో 2017లో గోవా నుంచి నావో స్పిరిట్స్ వాళ్ల గ్రేటర్ దాన్ జిన్ వచ్చింది, మరుసటి సంవత్సరం స్ట్రేంజర్ అండ్ సన్స్, జైసల్మేర్ అనే జిన్‌లు వచ్చాయి.

మూడో మెట్టు: మొదటి సీసా, మొదటి సాయంత్రం

మొదటి సీసాకి హంగులున్నది వద్దు. టాంకరే లండన్ డ్రై దొరికితే అదే తీసుకోండి, ఎందుకంటే అందులో దినుసులు నాలుగే అని చెబుతారు: జునిపర్, ధనియాలు, ఏంజెలికా అనే మొక్క వేరు, అతిమధురం. వాటిలో మూడింటి వాసన మీరు ఇంట్లో చూసేశారు. దొరక్కపోతే గ్రేటర్ దాన్, బీఫీటర్ ఏదైనా పర్వాలేదు, ఇవన్నీ జునిపర్ ముందుండే రకాలే. ముగ్గురు నలుగురు కలిసి డబ్బులు వేసుకుని కొంటే సీసా ధర భారం కాదు, పైగా పక్కవాడి ముక్కుకి తగిలింది మనకి తగలదు, మాట్లాడుకుంటుంటేనే బయటపడుతుంది.

గ్లాసు మూతి సన్నగా, అడుగు వెడల్పుగా ఉండేది కావాలి, వైన్ గ్లాసు చిన్నది సరిపోతుంది. 20 మి.లీ. పోయండి, ఐసు వద్దు, సోడా వద్దు. ముక్కు గ్లాసులో దూర్చేయకండి, గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి నెమ్మదిగా పీల్చండి, నోరు మూసుకుని పీలిస్తే ఆల్కహాలు ఘాటు ముక్కుని మొద్దుబారుస్తుంది. తర్వాత ఒక చిన్న గుక్క, నాలుక మీద అన్ని వైపులకీ పోనిచ్చి మింగండి. ఇప్పుడు అంతే నీళ్లు, ఇంకో 20 మి.లీ. కలపండి, 42.8 కాస్తా 21 శాతానికి దగ్గరవుతుంది, ఇందాక ఘాటు వెనక దాక్కున్న వాసనలు అప్పుడు లేస్తాయి. నీళ్లు కలిపాక కొన్ని జిన్‌లు లేతగా పాలరంగులోకి తిరుగుతాయి, కల్తీ అని కంగారుపడొద్దు. దినుసుల నూనెలు ఎక్కువగా ఉన్నప్పుడు, ఆల్కహాలు పలచబడేసరికి అవి కరగలేక అలా కనిపిస్తాయి.

నీళ్లు మాత్రం క్యాన్ నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లకి ఉప్పదనం ఉంటుంది, అది అన్నిటినీ పాడుచేస్తుంది, ఐసుకీ ఇదే వర్తిస్తుంది.

ఒక సాయంత్రానికి మూడు రకాలు చాలు. 42.8 శాతం ఉన్న 30 మి.లీ. పెగ్గులో ఇంచుమించు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, మూడు రకాలు 20 చొప్పున చూస్తే రెండు పెగ్గులు తాగినట్టే. మధ్యమధ్యలో మరమరాలు, నీళ్లు. కారప్పూస, చేపల వేపుడు, చికెన్ పకోడీ లాంటి స్టఫ్ అంతా రుచి చూడటం అయిపోయాక. పులస సీజనులో అయితే ఈ పని పెట్టుకోనేవద్దు, ఆ పులుసు ముందు ఏ జిన్ వాసనా నిలవదు. మందులు వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా షుగరుకి, డాక్టర్‌ని అడక్కుండా ఇందులోకి దిగకండి. బండి తాళం ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములే హద్దు, మన కాలువ గట్టు రోడ్ల మీద రాత్రిపూట ఆ హద్దు కూడా ఎక్కువే.

నాలుగో మెట్టు: టానిక్, ఐసు, ఒక తొక్క

టానిక్ అంటే సోడా కాదు, సింకోనా బెరడు నుంచి వచ్చే క్వినైన్ చేదు, చక్కెర కలిసిన నీళ్లు. ఒక వంతు జిన్‌కి రెండు వంతులతో మొదలుపెట్టి, రుచి చూస్తూ మూడు దాకా వెళ్లండి. గ్లాసు నిండా ఐసు వేయాలి, రెండు ముక్కలు వేస్తే త్వరగా కరిగి నీళ్లయిపోతుంది. టానిక్ చల్లగా ఉండాలి, సీసా అప్పుడే తెరిచి ఉండాలి. స్వామి, సెపాయ్ అండ్ కో లాంటి మన దేశపు టానిక్‌లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, మామూలు వాటికన్నా తీపి తక్కువ.

అంచుకి ఏం వేయాలన్న దగ్గర మనకున్నన్ని అవకాశాలు చాలామందికి లేవు. కోనసీమ పెరళ్లలో కాసే పంపరపనస తొక్క ఒక్క చీలిక గ్లాసు మీద మెలిపెడితే వచ్చే నూనె చుక్కలు మామూలు నిమ్మచెక్క ఇవ్వలేని వాసన ఇస్తాయి. దబ్బాకు ఒకటి అరచేతిలో చరిచి వేయొచ్చు. మే నెలలో పచ్చి మామిడి పల్చటి ముక్క. కరివేపాకు రెండు రెబ్బలు చాలు, ఎక్కువైతే తాలింపు గుర్తొస్తుంది. నిమ్మరసం పిండడం మాత్రం మానేయండి, పులుపు ముందుకొచ్చి జిన్‌ని తొక్కేస్తుంది, మనకి కావాల్సింది తొక్కలో నూనె.

ఇంకొకటి, టానిక్ పడనివాళ్లు లేత కొబ్బరిబోండం నీళ్లతో ప్రయత్నించండి. నేను కనిపెట్టింది కాదిది, కరీబియన్ దీవుల్లో, బహామాస్‌లో జిన్, కొబ్బరినీళ్లు పాత జోడీ. అంబాజీపేట కొబ్బరి చెట్ల కింద కూర్చున్నవాడికి ఇంతకన్నా తేలికైనది ఏముంటుంది!

ఐదో మెట్టు: జిన్‌లోనే దేశాలు తిరగండి

లండన్ డ్రై పట్టుబడ్డాక రెండోది మన దేశానిది తీసుకోండి. హపుసా అనే జిన్ హిమాలయపు జునిపర్‌తో చేసింది, అందులో మామిడి, పసుపు కూడా ఉంటాయి, మట్టి తడిసిన వాసన లాంటిదొకటి వస్తుంది, నాకు టానిక్ లేకుండా ఒక్క ఐసు ముక్కతోనే నచ్చుతుంది. స్ట్రేంజర్ అండ్ సన్స్ దీనికి ఎదురు దిక్కు, నిమ్మజాతి తొక్కలు ముందు, మిరియాలు, జాపత్రి వెనక. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జిన్ అన్న ఒక్క పేరు కింద ఎంత దూరం ఉందో తెలుస్తుంది.

తర్వాత జపాన్ రోకు. సకురా పువ్వు, సకురా ఆకు, రెండు రకాల గ్రీన్ టీ, సాన్షో మిరియం, యూజు అనే నిమ్మజాతి పండు, మొత్తం ఆరు జపాన్ దినుసులు, మామూలు జిన్ దినుసులకి అదనంగా. యూజు వాసన చూసిన దబ్బకాయ మనిషి ఎవరైనా ఒక్క క్షణం ఆగుతాడు. జర్మనీ నల్ల అడవుల మంకీ 47లో 47 దినుసులు, బలం కూడా 47 శాతం. ఖరీదు ఎక్కువ, సీసా చిన్నది, బార్‌లో ఒక్క 30 మి.లీ. తాగి చూడటమే తెలివైన పని. దినుసులు ఎక్కువైతే మంచిదని నేను అనుకోను, నాలుగుతో చేసిన టాంకరే ముందు పాతిక దినుసులవి వెలవెలబోవడం చూశాను. స్కాట్లాండ్ ఐలా దీవి నుంచి వచ్చే ది బొటానిస్ట్ మాత్రం ఆ మాటకి అడ్డం నిలుస్తుంది, దీవి మీద చేత్తో ఏరిన 22 మొక్కలు వేసి కూడా ఎక్కడా గందరగోళం లేదు.

జిన్‌కి ముందు తరం జెనీవర్, ఒలందా వాళ్లది, అంటే డచ్చివాళ్లది. పాలకొల్లు, నరసాపురంలో వాళ్లు గిడ్డంగులు పెట్టుకుని మన నేత బట్టలు ఓడలకెత్తిన 17వ శతాబ్దంలోనే వాళ్ల దేశంలో జెనీవర్ ఊరూరా కాచేవాళ్లు. మొలకెత్తించిన ధాన్యంతో తీసిన స్పిరిట్ కలుస్తుంది కాబట్టి జిన్‌కీ విస్కీకీ మధ్యలో ఉంటుంది. విస్కీ తప్ప ఇంకేదీ ముట్టని అన్నయ్యకి జిన్ పరిచయం చేయాలంటే నేను దీంతోనే మొదలుపెడతాను. దొరకడం కష్టం, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా వచ్చేవాళ్లకి చెప్పిపెట్టండి.

ఆరో మెట్టు: ముడిసరుకు పట్టుకుని జిన్ బయటికి

చెరకుతో మొదలుపెడదాం. మామూలు రమ్ము చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌తో చేస్తారు, మన ఓల్డ్ మాంక్ ఆ దారిదే. జమైకాలో అదే మొలాసిస్‌ని రోజుల తరబడి పులియబెడతారు, అందువల్ల ఈస్టర్లు అనే సుగంధాలు పెరిగి, రావులపాలెం మార్కెట్లో మగ్గిన అరటిగెలల వాసన వస్తుంది. అక్కడి హాంప్‌డెన్ వాళ్ల రమ్ము ఒక చుక్క అరచేతిలో రుద్దుకుని చూడండి, అతిశయోక్తి కాదని మీకే తెలుస్తుంది. మార్టినిక్ దీవిలో, బ్రెజిల్‌లో మొలాసిస్ కాకుండా తాజా చెరకు రసమే పులియబెడతారు. మార్టినిక్‌ది రమ్ అగ్రికోల్, బ్రెజిల్‌ది కషాసా. పచ్చి గడ్డి, గానుగ దగ్గర నురగ వాసన, తణుకు వైపు చెరకు తోటల్లో తిరిగినవాళ్లకి విడిగా వివరించక్కర్లేదు. బెల్లం రుచి కావాలంటే అమృత్ వాళ్ల టూ ఇండీస్ ఉంది, కరీబియన్ రమ్ముతో బెల్లపు రమ్ము కలిపింది.

చెరకు మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. 19వ శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటల్లో కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు. ఆ దీవిలో షమరేల్ దగ్గర చెరకు రసంతో మంచి రమ్ము చేస్తారు. ఎప్పుడైనా ఆ సీసా చేతికొస్తే, ఆ చెరకు నాటిన చేతుల్లో మనవాళ్లవీ ఉన్నాయని తలుచుకుని తాగుతాను నేను.

కొబ్బరి. శ్రీలంకలో కొబ్బరి పూతని గీసి తీసిన కల్లుని ఆ రోజే బట్టీకి చేరుస్తారు, దాంతో చేసేదే సిలోన్ అరాక్. మన దగ్గర గీత కార్మికుడు మోకు వేసుకుని ఒక్కో తాడి ఎక్కి దిగుతాడు, అక్కడ చెట్టుకీ చెట్టుకీ మధ్య కట్టిన కొబ్బరిపీచు తాళ్ల మీద నడిచి వెళ్తారు. హల్మిల్ల అనే స్థానిక చెక్క పీపాల్లో మాగబెడతారు, లేత తీపి, చివర్లో ఎండు పువ్వుల వాసన. లేబుల్ మీద పూర్తిగా కొబ్బరిదని రాసుందా లేక వేరే ఆల్కహాలు కలిపిన రకమా అన్నది తప్పకుండా చూడండి, కలిపినది చవక, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు.

జీడిమామిడి. మోరి జీడిపప్పు తెలియని కోనసీమవాళ్లుండరు, కానీ పండు వాసన కూడా గుర్తుంటే గోవా ఫెని సగం అర్థమైనట్టే. పండ్లు తొక్కి, రసం పులియబెట్టి కాస్తారు. మొదటిసారి కాచినది ఉర్రాక్, తేలిక, ఎండాకాలంలో మాత్రమే దొరుకుతుంది, గోవా వెళ్తే ఏప్రిల్‌లో వెళ్లండి. మళ్లీ కాస్తే ఫెని. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదటి వాసనకి మొహం చిట్లించినా మూడోసారికి అలవాటవుతుంది, నిమ్మ సోడా, పచ్చిమిర్చి చీలికతో బాగా కుదురుతుంది.

వరి మనది కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. చెరకు రసం తనంతట తానే పులుస్తుంది, బియ్యం అలా కాదు, అందులో పిండిపదార్థం ముందు చక్కెరగా మారాలి. యూరప్‌లో ధాన్యం మొలకెత్తించి ఆ పని చేయిస్తే, జపాన్‌లో కోజీ అనే బూజుని అన్నం మీద పెంచి చేయిస్తారు. దాంతో వచ్చేవే బియ్యపు షోచు, ఒకినావా దీవుల అవమోరి. అవమోరికి వాడేది జపాన్ పొట్టి బియ్యం కాదు, థాయ్‌లాండ్ పొడుగు బియ్యం, నల్ల కోజీ. మూడేళ్లు, ఆపైన మాగిన దాంట్లో వనిల్లా వాసన తేలుతుంది. కొరియా సోజు పచ్చ సీసాలు నగరాల్లో దొరుకుతున్నాయి, వాటిలో ఎక్కువ భాగం పలచన చేసి తీపి కలిపిన ఆల్కహాలు, వాటితో బియ్యపు స్పిరిట్‌ని అంచనా వేయకండి.

చివరికి మన డెల్టాలో లేనిది. మెక్సికోలో కిత్తనార జాతి మొక్కలు, అగావే అంటారు, ఏళ్లపాటు పెంచి, ఆకులు నరికి, మధ్య దుంప లాంటి భాగాన్ని కాలుస్తారు. ఒకే రకం, నీలి అగావేతో, హలిస్కో రాష్ట్రంలోనూ దాని చుట్టుపక్కల అనుమతి ఉన్న ప్రాంతాల్లోనూ చేసేది టెకిలా, "100 శాతం అగావే" అని లేకపోతే కొనకండి, సగం దాకా వేరే చక్కెర ఉండొచ్చు. మెజ్కాల్‌కి నేలలో గొయ్యి తవ్వి, కాలిన రాళ్ల మీద దుంపలు పేర్చి, మట్టి కప్పి రోజుల తరబడి మగ్గనిస్తారు, పొగ వాసన అక్కడ పడుతుంది. షాట్‌లా గుటుక్కున మింగడం దానికి అన్యాయం. మన రాష్ట్రంలోనే చిత్తూరు జిల్లాలో దక్కన్ పీఠభూమి అగావేతో డెస్మండ్‌జీ అనే స్పిరిట్ తయారైంది, 2011లో గోవా మార్కెట్లోకి వచ్చింది. ఎక్కడైనా కనిపిస్తే రుచి చూడండి.

ఏడో మెట్టు: ఎక్కడ దొరుకుతాయి, ఏం చేయకూడదు

2024 అక్టోబరు నుంచి రాష్ట్రంలో ప్రైవేటు వైన్ షాపులు మళ్లీ వచ్చాక బ్రాండ్ల సంఖ్య పెరిగింది, భీమవరం, రాజమండ్రి, కాకినాడ పెద్ద షాపుల్లో అడిగితే తెప్పించేవాళ్లూ ఉన్నారు. సీల్, ఎక్సైజ్ హోలోగ్రామ్ చూడండి, బిల్లు తీసుకోండి. ఖరీదైనవి సీసాగా కొనకముందు విశాఖలోనో హైదరాబాద్‌లోనో మంచి బార్‌లో 30 మి.లీ. చూడండి.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే బంధువులు మనకి కొదవ లేదు. విదేశం నుంచి దిగే ఒక్కో పెద్దమనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. కువైట్, సౌదీలలో మద్యనిషేధం ఉంది, అక్కడి నుంచి వచ్చేవాళ్లని అడిగి ఇబ్బంది పెట్టొద్దు, హైదరాబాద్‌లో దిగాక అరైవల్ డ్యూటీ ఫ్రీలో కొనమని చెప్పండి. బిల్లు సీసాతోపాటే ఉంచండి. రాష్ట్రంలో ఒక్కరి దగ్గర ఎన్ని ఉండొచ్చన్న రూలు మారుతూ ఉంటుంది, ముందే చూసుకోండి.

యానాం సంగతి అందరికీ తెలుసు, పుదుచ్చేరి పన్నులు కాబట్టి ధర తక్కువ. అక్కడి బార్‌లో కూర్చుని ఒకటి రుచి చూడటం వేరు, సీసాలు సంచిలో వేసుకుని ఎదుర్లంక వంతెన దాటడం వేరు. రెండోది కేసు. తక్కువ ధర కోసం చేసే పని కాదు.

ఇంట్లో బట్టీ పెట్టే ఆలోచన అసలు వద్దు. చట్టం ఒప్పుకోదు, అంతకన్నా ముఖ్యం, నాటుసారాలో మిథనాల్ కలిసి చూపు, ప్రాణం పోయిన కుటుంబాలు ఈ దేశంలో ఎన్నో.

ఎనిమిదో మెట్టు: దాచుకోవడం, రాసుకోవడం

స్పిరిట్ సీసాని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే బలమైన ఆల్కహాలు బిరడాని తినేస్తుంది. కిటికీ ఎండ తగలకూడదు, మన ఉక్కకి ఇనుప బీరువా పై అర కన్నా కింది అర మేలు. తెరిచిన జిన్ ఏడాదిలోపు అయిపోవాలి, మూడో వంతుకి తగ్గాక సీసాలో గాలి ఎక్కువై వాసన సన్నగిల్లుతుంది, అప్పుడు చిన్న గాజు సీసాలోకి మార్చేయండి. ప్లాస్టిక్ వద్దు.

ఒక పాత స్కూలు నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, సీసా పేరు, దేనితో చేశారు, నీళ్లకి ముందు ఏం వాసన, నీళ్లు కలిపాక ఏం మారింది, మళ్లీ కొంటారా లేదా. ఇంగ్లిష్ రివ్యూల్లో మాటలు ఎత్తి రాయకండి, మీకు గుర్తొచ్చింది మీ మాటల్లో రాయండి, "చెరుకు పిప్పి", "పూతరేకుల నెయ్యి", "కొత్త గోనెసంచి", ఏదైనా సరే. నాలుగు పేజీలు నిండాక ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే మీకు నచ్చే ముడిసరుకు ఏదో దానంతటదే కనిపిస్తుంది, తర్వాతి సీసా దాన్ని బట్టి ఎంచుకోండి.